శుక్రవారం సినిమాల జాబితా మళ్లీ వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో అడుగున, టెండరు నోటీసులకీ ఇళ్ల స్థలాల ప్రకటనలకీ మధ్య ‘నేటి సినిమాలు’ అని ఒక చిన్న గడి ఉండేది. ఊరి పేరు, దాని కింద హాళ్ల పేర్లు, పక్కన సినిమా పేరు, రోజుకి ఎన్ని ఆటలో. 2020 మార్చిలో కరోనాకి హాళ్లు మూతపడ్డప్పుడు అది ఆగింది. అప్పుడు ఆగడం న్యాయమే, ఎక్కడా బొమ్మే ఆడలేదు. తర్వాత హాళ్లు తెరిచారు. ఆ గడి మాత్రం మళ్లీ రాలేదు. దాన్ని తిరిగి వేయమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. చోటు చాలకపోతే సినిమా ఎలా ఉందో నేను చెప్పిన ముక్కలు కత్తిరించండి, తేదీలున్న ముక్కలు ఉంచండి.

నేను కాకినాడలో దస్తావేజులు రాస్తాను. మా నాన్నగారూ అదే పని చేశారు. తేదీ, హద్దులు, సాక్షుల సంతకాలు, వీటి మధ్యే నా రోజు గడుస్తుంది. సెలవొస్తే రెండే వ్యాపకాలు. ఒకటి సినిమాకెళ్లడం, రెండోది ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నా వెబ్‌సైట్‌ని కెలుక్కోవడం. మా ఆవిడకి మొదటిది ఇష్టం, రెండోది కాదు.

పోయిన రెండో శనివారం రిజిస్ట్రారు ఆఫీసుకి సెలవు. ఫస్ట్ షోకి వెళదామనుకున్నాం. టికెట్లమ్మే యాప్ తెరిస్తే ఊళ్లో ఉన్న హాళ్లన్నీ అందులో లేవు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల పేర్లే కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర మాత్రమే టికెట్లిచ్చే పాత హాలొకటుంది, నాకు అక్కడే ఇష్టం. దాని పేరు ఫోన్లో కొడితే ఎప్పుడో ఆడి వెళ్లిపోయిన సినిమా పేరొచ్చింది. ఇక లాభం లేదని స్కూటర్ తీసి సినిమా రోడ్డుకెళ్లి గోడల మీద పోస్టర్లు చూశాను. పోస్టర్ మీద అడ్డంగా అంటించిన పసుపు చీటీ మీద ‘నేటి నుండి’ అని ఉంది. ఏ నేటి నుండో లేదు. ఆ చీటీ నా దగ్గరికి దస్తావేజుగా వస్తే తీసుకోను.

సరే, వెళ్లాం. బాల్కనీలో సగం నిండింది. కింద అంతకన్నా తక్కువ. సినిమా బాగానే తీశారు. పాటల్లో గొంతు కంటే డప్పు ఎక్కువ వినిపించింది. ఆ సినిమాలో కథ ఇంటర్వెల్ తర్వాత మొదలైంది. ‘ఈ సంగతి ముందే తెలిస్తే తీరిగ్గా వంట చేసుకుని ఇంటర్వెల్‌కే వచ్చేవాళ్లం కదండీ’ అంది మా ఆవిడ. వెనక వరసలో కూర్చున్న కుర్రాడు నవ్వాడు. చివర్లో హీరో తల్లి కాళ్ల మీద పడ్డప్పుడు ఆ కుర్రాడే ముక్కు చీదుకున్నాడు. హాల్లో చూస్తే ఇదే లాభం, పక్కవాళ్ల సినిమా కూడా చూడొచ్చు. యువత థియేటర్లకి రావడం మానేసిందని మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య రాశారు. వస్తున్నారు సార్. ఎక్కడ ఏది ఆడుతోందో తెలిస్తే ఇంకా వస్తారు.

ఇక వెబ్‌సైట్ సంగతి. అది సినిమా సమీక్షల సైట్ కాదు. స్టార్ల ఫొటోలుండవు. మా ఊళ్లో ఏ హాల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ సినిమా ఆడింది, టికెట్ ఎంత, ఎన్ని ఆటలు, అంతే. ఒక పెద్ద పట్టిక. మా నాన్నగారు పోయాక ఆయన పద్దు పుస్తకాలు తిరగేస్తుంటే ఈ పిచ్చి పట్టింది. ఆయన ప్రతి ఖర్చూ రాసేవారు. కిరసనాయిలు, ఉప్పు, మంగలి, సినిమా. 1957 ఏప్రిల్‌కి ముందువి అణాల్లో, ఆ తర్వాతవి నయా పైసల్లో. ‘సినిమాకు’ అని ఉంటుంది, అంకె ఉంటుంది, తేదీ ఉంటుంది. సినిమా పేరుండదు! లెక్కకి అది అక్కర్లేదు కాబట్టి రాయలేదు.

ఆయన ఆ రోజు ఏం చూశారో తెలుసుకోవాలంటే ఏముంది దారి? పత్రికే. పాత ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంచికలని ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూడా పాత పత్రికలున్నాయి. ఆ రోజుల్లో సినిమా విడుదల ప్రకటనలో ఊళ్ల పేర్లు, హాళ్ల పేర్లు వరసగా వేసేవారు. ఫలానా తేదీ నుంచి విజయవాడలో ఫలానా హాలు, గుంటూరులో ఫలానా, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు అని. నాన్నగారి పద్దులో తేదీని ఆ ప్రకటన పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు సినిమా దొరికేస్తుంది. 1963 వేసవి పద్దులో ఒకచోట సినిమా ఖర్చు మామూలుకి మించి ఉంది, కింద ‘బండి కిరాయి’ అని ఉంది. ఆ మార్చి 29న లవకుశ విడుదలైంది. పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని ఆ సినిమాకి వెళ్లేవారని పెద్దవాళ్లందరూ చెప్పేదే. మా నాయనమ్మ వాళ్లని పల్లె నుంచి తీసుకొచ్చి చూపించారేమోనని నా ఊహ. కానీ ఊహని పట్టికలో రాయకూడదు. హాలు పేరు దగ్గర ఇంకా ఖాళీయే ఉంది.

ఆ లవకుశతోనే నాకో చిక్కు. ఆ పేరుతో 1934లో ఒకటి వచ్చింది, 1963లో ఇంకోటి. మొదటిది తీసినది మా కాకినాడ మనిషి చిత్తజల్లు పుల్లయ్యగారు. రెండోది మొదలెట్టిందీ ఆయనే, పూర్తి చేసింది వాళ్లబ్బాయి సి.ఎస్.రావుగారు. మాయాబజార్ కూడా అంతే, 1936లో ఒకటి, 1957లో ఒకటి. పైగా 1957 నాటిది 2010లో రంగులేసి మళ్లీ విడుదల చేశారు. ఒకరు ‘మాయాబజార్’ అని కలిపి రాస్తారు, ఇంకొకరు ‘మాయా బజార్’ అని విడదీస్తారు. కంప్యూటర్‌కి ఇవి రెండు సినిమాలు. అందుకని నా పట్టికలో ప్రతి సినిమా పేరు పక్కనా ఏడాది తప్పనిసరి చేశాను. సర్వే నంబరు లేకుండా పొలం రాస్తామా!

శనివారం సినిమా నుంచి వచ్చి భోంచేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెకండ్ షోలు ఎప్పుడెప్పుడు రద్దయ్యాయో చూద్దామని వెతుకుతుంటే, నాకు గుర్తున్నవి కూడా కొన్ని రావడం లేదు. కారణం దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. ‘సెకండ్’, ‘షో’ కలిపి కొడితే డ కింద ష వత్తు పడిపోయి ‘సెకండ్షో’ అని వికారంగా వస్తుంది. అలా పడకుండా మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని వరసల్లో అది ఉంది, కొన్నిట్లో దాని బదులు ఖాళీ ఉంది. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, వెతికేటప్పుడు మాత్రం వేరు. వెతికే మాటలోంచీ, పట్టికలోంచీ ఆ సంకేతాన్నీ ఖాళీలనీ తీసేసి పోల్చమని ఒక్క లైను రాస్తే సరిపోయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. ‘నాన్నా, ఆదివారం ఎనిమిదింటికి ఇదా?’ అంది. కానీ మెచ్చుకుంది.

ఈ అక్షరాల బాధ మీ పత్రికకీ తెలిసిందే కాబట్టి ఇంకో రెండు మాటలు. మా వృత్తిలో చాలామందిమి ఇప్పటికీ అనూ ఫాంట్లలోనే కొడతాం. కాగితం మీద అందంగా అచ్చవుతుంది. అదే ఫైలుని ఆ ఫాంటు లేని ఇంకో మిషన్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ముద్ద కనిపిస్తుంది. ఏ మిషన్‌లో తెరిచినా ఒకేలా చదివేలా ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగుకి 1991లో మొదటి కూర్పు నుంచే చోటుంది. అయినా మన పత్రికల సైట్లు చాలాకాలం ఎవరి ఫాంట్లు వాళ్లవే పెట్టుకుని నడిచాయి. అప్పటి పేజీలు కొన్ని నేను దాచుకున్నాను. ఇప్పుడు తెరిస్తే ముద్ద. ఆ ముద్దలో ఎక్కడో ‘నేటి సినిమాలు’ గడి కూడా ఉండి ఉంటుంది. నా సైట్‌కి మొదట్లో ఉచితంగా చోటిచ్చిన కంపెనీ కూడా 2009లో ఆ సేవ ఎత్తేసింది. అప్పటినుంచి ఏడాదికింతని కట్టి సొంత పేరు పెట్టుకున్నాను. పేజీలన్నీ చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ, మా అమ్మాయి దగ్గర ఒకటి.

ఆదివారం పొద్దున్న ఫాంటు మార్చే పని పెట్టుకున్నాను. శీర్షికలకి రామభద్ర, లోపల మండలి. రెండూ ఉచితంగా దొరికేవే. మండలిలోకి మార్చేసరికి పై లైను వత్తుల తోకలు కింది లైను గుడులకి తగిలాయి. ఇంగ్లిషుకి సరిపోయే లైన్ హైట్, అంటే లైనుకీ లైనుకీ మధ్య ఎడం, మనకి చాలదు. దాన్ని 1.7కి పెంచితే అక్షరాలు ఊపిరి పీల్చుకున్నాయి. పేజీల చిరునామాలు తెలుగులో పెట్టాలని కూడా సరదా పుట్టింది కానీ మానేశాను. బ్రౌజర్‌లో చక్కగానే కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే ‘లవకుశ’ అన్న చిన్న మాట శాతం గుర్తులూ అంకెలూ అక్షరాలూ కలిసి 45 గుర్తుల తోరణం అవుతుంది. వాట్సాప్‌లో అది చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. అందుకని ఏడాది, నెల, హాలుకో నంబరు. అంకెలైతే గొడవ లేదు.

ఆ మధ్యాహ్నం మ్యాట్నీకి ఒక్కడినే వెళ్లాను. నా కాలేజీ రోజుల్లో వచ్చిన సినిమా, 4కేలో మళ్లీ వేశారు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకి 2006 నాటి పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి ఈ రీ రిలీజుల ఊపు పెరిగింది. హాలు చూస్తే నాకు నోట మాట రాలేదు. శనివారం కొత్త సినిమాకి లేని జనం పాత సినిమాకి ఉన్నారు. అందులో ముప్పాతిక మంది ఆ సినిమా వచ్చేనాటికి పుట్టి కూడా ఉండరు. డైలాగు హీరో కంటే అర సెకను ముందే హాలంతా చెప్పేస్తోంది. పాటొస్తే తెర ముందుకెళ్లి చిందులు, చింపిన కాగితాలు. ఆ కాగితాల్లో మీ పత్రిక కూడా ఉంది, అది వేరే సంగతి. ప్రింటు ఎంత స్పష్టంగా ఉందంటే విలన్ విగ్గు అంచు దగ్గర జిగురు కనిపిస్తోంది. మేం కుర్చీ క్లాసులో కూర్చుని చూసినప్పుడు ఆయన్ని చూస్తే భయమేసేది.

బయటికొచ్చి మేనేజర్‌ని అడిగాను, ఇది ఎప్పటి వరకు అని. ‘ఇవాళే ఆఖరండి, రేపు మామూలు సినిమా’ అన్నారు. పేపర్లో ఏమైనా వేశారా అంటే, ‘వాట్సాప్ స్టేటస్ పెట్టామండి’ అన్నారు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. అంటే అంత జనం వచ్చిన ఆట గురించి మర్నాటికి ఎక్కడా ఒక్క అక్షరం మిగల్లేదు. అభిమానుల ఫోన్లలో చిందుల వీడియోలుంటాయి, వాటి మీద హాలు పేరుండదు, ఊరి పేరుండదు. 1963లో బండి కట్టుకుని వెళ్లిన సినిమా గురించి కనీసం మా నాన్నగారి పద్దు ఉంది. ఈ ఆదివారం మ్యాట్నీ గురించి నా పట్టికలో ఒక వరస తప్ప మరేదీ లేదు. ఒక్కడి మాటకి సాక్షి ఎవరు? రేపు ఎవరైనా ‘మీరు చెబితే నమ్మాలా’ అంటే నేను చూపించగలిగిన కాగితం లేదు.

ఇదంతా సినిమా పిచ్చోడి చాదస్తం అనుకోవచ్చు. తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాద సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలా ఏళ్లపాటు అందరూ రాశారు, ఆ తేదీకే వేడుకలు చేసుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, ఇతర ఆధారాలు వెతికి తీస్తే, ఆ సినిమా 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో విడుదలైందని తేలింది. ఏ హాల్లో ఏ బొమ్మ అని ఆనాడు పత్రికలో వేసినవాళ్లు అదేదో చరిత్ర అనుకుని వేసి ఉండరు. సాయంత్రం జనం హాలుకి రావాలని వేశారు. అంత మామూలు ప్రకటన ఆధారమై, పుస్తకాలకెక్కిన తేదీ మారిపోయింది. పుల్లయ్యగారు మూకీల కాలంలోనే కాకినాడలో కెమెరా పెట్టి సినిమా తీశారు. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అనే మా ఊరి నాటక సమాజం నాటకాల్లోంచి ఎస్వీ రంగారావు, అంజలీదేవి వంటివాళ్లు తెర మీదకెళ్లారు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఈ వారం ఏ సినిమా ఆడుతోందో రేపు అడిగితే చెప్పడానికి కాగితం లేకపోతే ఎలా?

మీ ఇబ్బందులు నాకు తెలుసు. పేజీకి చోటు తక్కువ. హాళ్లవాళ్లు ప్రకటనకి డబ్బు కట్టరు, ఉచితంగా వేస్తే ప్రకటనల విభాగం ఊరుకోదు. కానీ మీరు రోజూ కోడిగుడ్డు ధర వేస్తున్నారు, బంగారం ధర వేస్తున్నారు, రాహుకాలం వేస్తున్నారు. వాటికి కోళ్ల దగ్గర ఎవరూ డబ్బు తీసుకోవడం లేదు కదా. సినిమాలు శుక్రవారం మారతాయి కాబట్టి రోజూ అక్కర్లేదు, వారానికొకసారి శుక్రవారం చాలు. హాలు, సినిమా, ఎన్ని ఆటలు. రీ రిలీజ్ అయితే పక్కన బ్రాకెట్లో మొదట వచ్చిన ఏడాది. ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అంటారేమో. యాప్‌లో ఇవాళ్టిదీ రేపటిదీ ఉంటాయి, నిన్నటిది ఉండదు. నిన్నటిది దాచేది పత్రిక ఒక్కటే.

రెండో మనవి మీ వెబ్‌సైట్ చూసుకునేవాళ్లకి. ఆ జాబితా ఈ-పేపర్‌లో బొమ్మగా కాకుండా, మామూలు అక్షరాల్లో, తేదీ ఉన్న చిరునామాతో ఒక పేజీగా పెట్టండి. బొమ్మలో ఉన్న మాట వెతికితే దొరకదు. స్కాన్ చేసిన పాత సంచికల్లో ఒక్కో పేజీ తిప్పుతూ నా కళ్లద్దాల నంబరు మారింది. తర్వాత సైట్ డిజైన్ మార్చినా పాత చిరునామాలు పనిచేసేలా చూడండి. మీ పేజీలకి నా పట్టికలో ఇచ్చిన లింకులు చాలా ఇప్పుడు ‘పేజీ లేదు’ అంటున్నాయి. ఇందులో రంగులు, ఫొటోలు, వీడియోలు ఏమీ వద్దు. ఎంత తక్కువ పెడితే అంత ఎక్కువ కాలం ఉంటుందని నా సైట్‌తో నాకు అర్థమైంది.

జాబితా సేకరించడానికి మనిషి లేడనుకుంటే, కాకినాడ వరకు నేను ఉచితంగా పంపుతాను. గురువారం సాయంత్రం ఎలాగూ ఆ రోడ్డు మీదుగానే ఇంటికొస్తాను. మేనేజర్లందరూ పరిచయమే, అడిగి రాసి యూనికోడ్‌లోనే కొట్టి రాత్రి తొమ్మిదిలోపు మీ డెస్కుకి మెయిల్ చేస్తాను. కింద ‘మార్పులుండవచ్చు’ అని మీరు వేసుకోండి. పెద్దాపురంలో మా బావమరిది ఉన్నాడు, తునిలో నాతో పాటు లైసెన్సు తీసుకున్న లేఖరి ఒకాయన ఉన్నారు, ఆ రెండు ఊళ్లవీ తెప్పిస్తాను. పిఠాపురం, సామర్లకోటల్లో మాత్రం నాకెవరూ లేరు. అక్కడివి మీ విలేకరుల్నే అడగాలి.

పాత గడి ఎలా ఉండేదో మీ కొత్త డెస్కువాళ్లకి తెలియకపోవచ్చని, నా దగ్గరున్న ఒక కత్తిరింపు జిరాక్సు దీనితో జతచేస్తున్నాను. అసలుది నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
రామారావుపేట, కాకినాడ